జీడి నీళ్ళకు మట్టి వడపోత: పలాసలో పది నెలల వాడకం

మా కార్ఖానా వెనక, కొబ్బరి తోట మొదట్లో ఒక నుయ్యి ఉంది. నేను బడికి వెళ్ళే రోజుల్లో నాన్న తవ్వించారు. ఇంటికి, పనివాళ్ళకు, తోటకు అన్నిటికీ ఆ నీళ్ళే. నాలుగేళ్ళ కిందట ఒక వేసవి ఉదయం చేద పైకి లాగితే నీటి మీద సన్నటి తెట్టు కనిపించింది. ఎండ తగలగానే దాని మీద రంగులు కదిలాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే జీడి వాసన. ఆ వాసన మాకు కొత్త కాదు. మా చీరల్లో, జుట్టులో, లెక్కల పుస్తకాల్లో కూడా ఉంటుంది. కానీ నూతిలో ఉండకూడదు కదా. చేద అక్కడే దించి చాలాసేపు గట్టు మీద కూర్చుండిపోయాను. ఆ తెట్టు మా కాలవ నుంచే వచ్చిందని ఎవరూ చెప్పనక్కర లేకుండానే తెలిసింది.

నేను కొన్న మట్టి వడపోత గురించి ఇప్పుడు రాస్తున్నది ఆ నుయ్యి కోసమే. మా ప్రాంతంలో ఇలాంటి చిన్న జీడి కార్ఖానాలు చాలా ఉన్నాయి. ఈ మధ్య నలుగురైదుగురు యజమానులు ఫోన్ చేసి "పనిచేస్తోందా, కొనవచ్చా" అని అడిగారు. ఫోన్‌లో రెండు మాటల్లో చెప్పేది కాదు కాబట్టి అంతా ఒకచోట రాస్తున్నాను. అమ్మిన సంస్థ పేరు మాత్రం రాయను. సరుకు మంచిది, అమ్మినవాళ్ళ తీరు మంచిది కాదు. ఈ రెండింటినీ విడివిడిగా చూడాలి.

ముందు మా పని సంగతి చెప్పాలి. మాది పలాస పక్కన కాశీబుగ్గ శివార్లలో చిన్న కార్ఖానా. రోజుకు ఆరేడు బస్తాల పిక్కలు ఆడతాయి. నాన్న కాలంలో డ్రమ్ములో కాల్చేవారు. మండుతూ బయటికి వచ్చే పిక్కల మీద నీళ్ళు చల్లి ఆర్పేవారు. ఆ నీళ్ళు నల్లగా, చిక్కగా కాలవలోకి పోయేవి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను షెడ్డు రేకులన్నీ ఎగరగొట్టింది. మళ్ళీ కట్టుకున్నప్పుడు కాల్పు మానేసి ఆవిరి కుక్కర్ పెట్టాం. పొగ పోయింది, పప్పు తెల్లగా వస్తోంది. మురికి నీళ్ళు కూడా బాగా తగ్గాయి. తగ్గాయి అంతే, ఆగలేదు. కుక్కర్ అడుగున దిగే నీరు, నేల కడిగిన నీరు, కటింగ్ బల్లల దగ్గర చేతులు కడిగే తొట్టి నీరు, అన్నీ కలిపి రోజుకు దాదాపు నాలుగు వందల లీటర్లు. అందులో ఉండేది జీడి నూనె.

ఈ నూనె సంగతి బయటివాళ్ళకు అంతగా తెలియదు. జీడిపిక్క గుల్లలో తేనెపట్టులాంటి అరలు ఉంటాయి. ఆ అరల నిండా ముదురు గోధుమ రంగు జిగురు నూనె. అందులో ముఖ్యమైనవి అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్, కార్డనాల్. మూడూ ఫినాల్ అనే రసాయనాల జాతివే. ప్రతిదానికీ పదిహేను కార్బన్ల పొడవైన తోక ఉంటుంది. వేడి తగిలితే అనకార్డిక్ ఆమ్లం కొంత కార్డనాల్‌గా మారిపోతుంది. బ్రేకు లైనింగులకు, రంగులకు, రెజిన్లకు వాడే సరుకు ఇది. మా గుల్లను నూనె మిల్లువాళ్ళు డబ్బిచ్చి కొనుక్కుపోతారు. చర్మానికి మాత్రం ఇది శత్రువు. మామిడి సొన తగిలి మూతి పొక్కినవాళ్ళకు, బట్టల మీద గుర్తులు వేసే నల్లజీడి తగిలి చేయి కాలినవాళ్ళకు దీని గుణం తెలుస్తుంది. మామిడి, నల్లజీడి, జీడిమామిడి మూడూ ఒకే కుటుంబం. మా కటింగ్ ఆడవాళ్ళు చేతులకు ఆముదమో బూడిదో రాసుకోకుండా పిక్క ముట్టరు. అయినా వేళ్ళ చివర్లు నల్లబడతాయి. కాలవ తీసే మనిషికి ప్రతిసారీ పాదాల మీద దద్దుర్లు లేచేవి. అది చూస్తూ జీతం చేతిలో పెట్టడం నాకు ఎప్పుడూ మనసుకు సమ్మతం కాలేదు.

ఇక కొన్నది ఏమిటంటే, రెండు వందల లీటర్ల నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు రెండు. వాటికి ముందు ఒక చిన్న ఇసుక వడపోత, అర హార్స్‌పవర్ మోటారు, నాలుగు వాల్వులు. మొదటి డ్రమ్ములో ఆర్గానోక్లే అనే మట్టి గుళికలు, ఆంత్రసైట్ బొగ్గు ముక్కలతో కలిపి ఉంటాయి. రెండో డ్రమ్ములో కొబ్బరి చిప్పల నుంచి చేసిన యాక్టివేటెడ్ కార్బన్, అంటే సన్నటి రంధ్రాలున్న బొగ్గు. బిగింపుతో కలిపి నలభై ఆరు వేలు అయింది. మట్టి మిశ్రమం ఇరవై ఐదు కిలోల బస్తా మూడు వేల నాలుగు వందలు. ఒక నింపుకు మూడు బస్తాలు పడతాయి.

మొదటి నెలంతా నష్టమే. బిగించిన రెండో రోజు మధ్యాహ్నానికి నీరు దిగడం మానేసింది. మోటారు మూలుగుతోంది కానీ అవతల చుక్క రాలేదు. మూత తీసి చూస్తే డ్రమ్ములో గుళికలు లేవు. కుమ్మరి సారె మీద పెట్టడానికి కలిపిన మట్టిలా ఒకటే ముద్ద. సంస్థకు ఫోన్ చేస్తే "మీ నీళ్ళలో నూనె ఎక్కువ ఉందమ్మా, అందుకే" అన్నారు. ఇద్దరు మనుషులు పార పట్టుకుని ఒక పూటంతా ఆ ముద్దను బయటికి తీశారు. ఇంకో మూడు బస్తాలు పంపించారు, వాటి డబ్బు కూడా తీసుకున్నారు. అవీ మూడో రోజుకే ముద్దయ్యాయి.

అప్పుడు సెలవులకు మా అమ్మాయి వచ్చింది. ఎచ్చెర్లలో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చదువుతోంది. నా కోపమంతా విని, మాట్లాడకుండా వంటింట్లోంచి రెండు గాజు గ్లాసులు తెచ్చింది. ఒకదానిలో మంచినీళ్ళు, ఒకదానిలో డీజిల్. బస్తా అడుగున మిగిలిన గుళికలు చెంచాడు చొప్పున రెండింటిలోనూ వేసింది. పావుగంటలో నీళ్ళ గ్లాసులోవి ఉబ్బి జావ అయ్యాయి. డీజిల్ గ్లాసులోవి రాళ్ళలా అలాగే ఉన్నాయి.

"అమ్మా, ఇది ఉత్త బెంటోనైట్. నువ్వు డబ్బిచ్చినది ఆర్గానోక్లేకి. ఆర్గానోక్లే అయితే దీనికి సరిగ్గా తిరగబడి ఉండాలి. నీళ్ళలో ఉబ్బకూడదు, నూనెలో ఉబ్బాలి" అంది.

ఈ రెండు గ్లాసుల పరీక్ష ఎవరైనా చేయవచ్చు, ఖర్చు లేదు. బస్తా విప్పగానే, డ్రమ్ములో పోయకముందే చేయండి. ఆ వీడియో పంపించిన తర్వాతే సంస్థవాళ్ళు గోడౌన్‌లో బస్తాలు మారిపోయాయని ఒప్పుకుని అసలు సరుకు పంపారు. రెండోసారి తీసుకున్న డబ్బులో సగమే వెనక్కి వచ్చింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా అమ్మాయి చెప్పిన సంగతి నాకు బాగా పట్టుకుంది. బెంటోనైట్ మన దేశంలో కచ్ వైపు, రాజస్థాన్‌లో బాడ్‌మేర్ వైపు దొరికే మట్టి. అందులో ముఖ్యమైన ఖనిజం మాంట్‌మోరిల్లొనైట్. ఫ్రాన్స్‌లోని మాంట్‌మోరిల్లాన్ ఊరి పేరు మీద దానికి ఆ పేరు. పూతరేకుల చుట్ట ఎలా ఉంటుందో ఈ ఖనిజం అలా పొరలు పొరలుగా ఉంటుంది. ఒక్కో పొర మందం ఒక నానోమీటరు, అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. పొరలన్నీ విడదీసి పరిస్తే ఒక్క గ్రాము మట్టికి ఏడు వందల చదరపు మీటర్లు దాటుతుంది. మన లెక్కలో పదిహేడు పద్దెనిమిది సెంట్లు. చిటికెడు మట్టిలో ఇల్లు కట్టుకునే స్థలం ఉందన్నమాట.

కానీ ఆ స్థలం నీటిని ప్రేమించే స్థలం. పొరల మీద రుణ విద్యుదావేశం ఉంటుంది. దాన్ని సరిపెట్టడానికి పొరల మధ్య సోడియం, కాల్షియం అయాన్లు కూర్చుని ఉంటాయి. వాటి చుట్టూ నీళ్ళు చేరతాయి, పొరలు ఎడమవుతాయి, మట్టి ఉబ్బుతుంది. మా డ్రమ్ములో జరిగింది అదే. నూనె ఆ దరిదాపులకు కూడా పోదు. ఆర్గానోక్లే తయారుచేసేవాళ్ళు ఆ సోడియాన్ని తప్పించి, దాని చోట పొడవైన కొవ్వు తోక ఉన్న అమ్మోనియం లవణాన్ని కూర్చోబెడతారు. తలకు షాంపూ తర్వాత రాసుకునే కండిషనర్లలో ఉండే జాతి పదార్థమే అది. కండిషనర్ అణువు తల భాగంతో వెంట్రుకకు అంటుకుని తోక బయటికి పెడుతుంది, అందుకే జుట్టు నున్నగా అవుతుంది. ఇక్కడ తల మట్టి పొరకు అంటుకుంటుంది, తోకలు పొరల మధ్య పరుపులా పరుచుకుంటాయి. నీటిని పిలిచే ఇల్లు నూనెను పిలిచే ఇల్లుగా మారుతుంది. కార్డనాల్‌కు కూడా పదిహేను కార్బన్ల తోక ఉంది కదా, అది వెళ్ళి ఆ పరుపులో కరిగిపోతుంది. ఆంత్రసైట్ కలపడం ఎందుకంటే, నూనె తాగిన గుళికలు ఉబ్బుతాయి కాబట్టి వాటి మధ్య నీటికి దారి ఉండాలి. మూడు పాళ్ళు మట్టి, ఏడు పాళ్ళు ఆంత్రసైట్ అనేది మామూలుగా అమ్మే కలపడం.

అసలు సరుకు వచ్చాక పనితనం చూసి నాకు కళ్ళు చెమర్చాయి. అతిశయోక్తి కాదు. లోపలికి పోయే నీరు బురద కాఫీలా, పైన జిడ్డు తేలుతూ ఉండేది. మొదటి డ్రమ్ము దాటిన నీటిని తెల్ల పింగాణీ పళ్ళెంలో పోసి ఎండలో పెట్టాను. ఎంత వంచి చూసినా రంగుల తెట్టు లేదు. వార్తాపత్రిక ముక్క ముంచి ఆరబెడితే నూనె మరక రాలేదు. లోపలికి పోయే నీటిలో ముంచిన ముక్క మాత్రం పకోడీ పొట్లంలా అవతలి అక్షరాలు కనిపించేంత జిడ్డయింది. ఆ రెండు ముక్కలూ లెక్కల పుస్తకంలో అంటించి ఉంచాను. మా కటింగ్‌లో పాతికేళ్ళుగా పనిచేస్తున్న పెద్దమ్మ ఆ పళ్ళెం వాసన చూసి "జీడి కంపు సగం కూడా లేదమ్మా" అంది. ఆవిడ ముక్కును నేను ఏ యంత్రం కన్నా ఎక్కువ నమ్ముతాను.

ఆ మిగిలిన సగం ఏమిటో తెలుసుకోవాలి. మొదటి డ్రమ్ము దాటిన నీటిలో నూనె లేదు కానీ రంగు ఉంది. పలచటి టీ రంగు. పప్పు మీద ఎర్ర పొట్టులో వగరు పదార్థాలు, అంటే టానిన్లు ఉంటాయి. నేల మీద రాలిన పొట్టు కడుగు నీటిలో నాని రంగు దిగుతుంది. అవి నీటిలో బాగా కరిగేవి, కొవ్వు తోక లేనివి. ఆర్గానోక్లే పరుపు వాటిని పెద్దగా పిలవదు. వాటి కోసమూ, కరిగి మిగిలిన ఫినాల్ కోసమూ రెండో డ్రమ్ములో కార్బన్. అది దాటాక నీరు చాలావరకు తేరుకుంటుంది.

"అయితే కార్బన్ ఒక్కటే పెట్టుకుంటే పోదా, మట్టి ఎందుకు" అని ఒక యజమాని అడిగారు. నేను పెట్టి చూశాను. మట్టి బస్తాల గొడవ జరుగుతున్నప్పుడు పది రోజులు కార్బన్ మీదే నడిపాం. నాలుగో రోజుకే జిడ్డు బయటికి వచ్చేసింది. కార్బన్ రంధ్రాలు చాలా సన్నవి. నూనె వాటి మూతులు మూసేస్తుంది, లోపల ఉన్న చోటంతా వృథా. ఖరీదైన కార్బన్‌ను నూనెకు బలి ఇవ్వకుండా ముందు నిలబడడమే ఈ మట్టి పని. అలాగే మట్టిని కూడా తేలే నూనెకు బలి ఇవ్వకూడదు. అందుకే డ్రమ్ములకు ముందు ఒక సిమెంటు తొట్టి కట్టించాను. మధ్యలో పై నుంచి దిగే అడ్డు గోడ, దాని కింద నుంచి నీరు అవతలికి పోతుంది, నూనె ఇవతలే తేలి ఆగుతుంది. ప్రతి సాయంత్రం డబ్బాతో తీసి నూనె పీపాలో పోస్తాం. దాన్ని మిల్లువాళ్ళే తీసుకుంటారు. ఈ తొట్టి గురించి అమ్మిన సంస్థ ఒక్క మాట చెప్పలేదు. తొట్టి లేకుండా ఈ డ్రమ్ములు కొంటే నెలకో నింపు అయిపోతుంది. తొట్టి ఉన్నందువల్ల మాకు ఒక నింపు మూడు నెలలకు పైగా వచ్చింది.

వేగం కూడా ముఖ్యం. నిమిషానికి లీటరు దాటనివ్వకూడదు. మా ఆపరేటర్ కుర్రవాడు త్వరగా ఇంటికి పోవాలని వాల్వు పూర్తిగా తిప్పేవాడు. నీరు గుళికల పక్కనుంచి పరిగెత్తితే మట్టికి పట్టుకునే వ్యవధి ఉండదు. వాడిని తిట్టి లాభం లేదని వాల్వుకు తీగ కట్టేశాను.

ఆరో నెలలో ఒక సోమవారం తెల్లవారి చూస్తే రెండు డ్రమ్ములూ దాటిన నీరు పాలలా తెల్లగా, మసకగా వస్తోంది. వాసన కూడా మొదటికి వచ్చింది. మట్టి నిండిపోయిందేమో అనుకుని బెంగపడ్డాను. సంగతేమిటంటే, ఆదివారం సెలవు కదా అని కొత్తగా చేరిన అమ్మాయి నేలంతా బట్టల సబ్బు పొడితో రుద్ది కడిగింది. మంచి మనసుతో చేసిన పనే. కానీ సబ్బు నూనెను సన్న సన్న బిందువులుగా విడగొట్టి ఒక్కోదాని చుట్టూ నీటికి నచ్చే చొక్కా తొడుగుతుంది. అప్పుడు అది తొట్టిలో తేలదు, మట్టి దగ్గరా ఆగదు. పైగా సబ్బు పొడిలో సోడా ఉంటుంది. సోడా ఎక్కువైతే ఫినాల్ అయానుగా మారి నీటిలో ఇంకా బాగా కరుగుతుంది, కార్బన్ కూడా దాన్ని వదిలేస్తుంది. రెండు రోజులు మంచినీళ్ళు పోసి కడిగితే గానీ దారికి రాలేదు. ఇప్పుడు నేల కడగడానికి రంపపు పొట్టు చల్లి ఊడ్చి, తర్వాత వట్టి వేడినీళ్ళు. సబ్బు అవసరమైన చోట ఆ నీటికి వేరే గొట్టం.

పరీక్షల సంగతి. విశాఖపట్నంలో ఒక ప్రైవేటు ప్రయోగశాలకు మూడుసార్లు నీరు పంపించాను. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1986 నాటి నిబంధనల్లో ఉపరితల జలాల్లోకి వదిలే వ్యర్థజలానికి సాధారణ హద్దులు ఉన్నాయి. లీటరుకు నూనె, జిడ్డు 10 మిల్లీగ్రాములు, ఫినాల్ పదార్థాలు 1 మిల్లీగ్రాము దాటకూడదు. మూడుసార్లూ నూనె హద్దు లోపలే ఉంది. ఫినాల్ రెండోసారి హద్దు దాటింది. కార్బన్ మార్చి మళ్ళీ పంపిస్తే దిగింది. దీన్నిబట్టి నాకు అర్థమైంది, ఈ వ్యవస్థలో ముందు అలిసిపోయేది కార్బన్ అని. కంటికి, ముక్కుకు తెలియకుండానే అలిసిపోతుంది. నూనె సంగతి వార్తాపత్రిక ముక్క చెబుతుంది, ఫినాల్ సంగతి ప్రయోగశాల మాత్రమే చెబుతుంది. ఆ ఖర్చు మిగుల్చుకోవద్దు.

నాకు నిజంగా ఒళ్ళు మండిన విషయం ఒకటి ఉంది. సంస్థ మనిషి బిగించడానికి వచ్చినప్పుడు, మా పనివాళ్ళ ముందు "ఈ నీళ్ళు తాగవచ్చు, ఈ మట్టి ఉంటే ఉద్దానం కిడ్నీ జబ్బు కూడా దగ్గరికి రాదు" అన్నాడు. మా దగ్గర పనిచేసే వాళ్ళలో ముగ్గురి ఇళ్ళలో డయాలసిస్‌కు వెళ్ళే మనుషులు ఉన్నారు. వాళ్ళ మొహాల్లో ఒక్క క్షణం మెరిసిన ఆశ నేను చూశాను. ఆ జబ్బుకు కారణం ఇదీ అని ఇన్నేళ్ళ పరిశోధనల్లోనూ తేలలేదు. కారణమే తేలని జబ్బుకు కాలవ నీటి మట్టిని మందుగా చెప్పడం ఎంత దారుణం! పైగా లెక్క చూడండి. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500, 2012 నాటిది, ఫినాల్ పదార్థాలు లీటరుకు 0.001 మిల్లీగ్రాము మించకూడదంటుంది. మా కాలవకు ఉన్న హద్దు దానికి వెయ్యి రెట్లు. మా నీరు కాలవ హద్దులో ఉందంటే, తాగే హద్దుకు ఎంతో దూరంలో ఉండవచ్చని అర్థం. కరిగిన ఉప్పులను ఈ మట్టి తీయదు, సూక్ష్మజీవులను చంపదు. ఆ మనిషిని అప్పుడే షెడ్డు బయటికి పిలిచి, ఇంకోసారి ఈ మాట అంటే డ్రమ్ములు తీసుకుపొమ్మన్నాను. తర్వాత పనివాళ్ళందరినీ కూర్చోబెట్టి ఇది కాలవ కోసం తెచ్చినది, కడుపు కోసం కాదు అని చెప్పాను. తాగడానికి హిరమండలం రిజర్వాయరు నుంచి పైపుల్లో వచ్చే నీళ్ళే. శుద్ధి అయిన నీటిని మేము నేల కడగడానికి, కుక్కర్ బయటి తొట్టిలోకి తిరిగి వాడుతున్నాం. మిగిలినది కొబ్బరి మొక్కలకు కూడా పోయడం లేదు, ఇంకో ఏడాది పరీక్షలు చూశాకే ఆలోచిస్తాను.

పొందూరు వైపు నుంచి నూలుకు రంగులు అద్దే ఒకరు కూడా ఫోన్ చేసి రంగు నీళ్ళకు పనికొస్తుందా అని అడిగారు. దానికి జవాబు రంగును బట్టి ఉంటుంది. మా అమ్మాయి గ్లాసుల్లో చేసి చూపించింది. మిథిలీన్ బ్లూ అనే నీలానికి ధనావేశం ఉంటుంది, దాన్ని ఉత్త బెంటోనైటే గుక్కలో తాగినట్టు తాగేసింది. పత్తి బట్టకు వాడే రియాక్టివ్ రంగులకు రుణావేశం, మట్టికీ రుణావేశం. ఆ ఎర్ర నీళ్ళలో బెంటోనైట్ ఎంత వేసినా అడుక్కు దిగింది కానీ ఎరుపు అలాగే ఉండిపోయింది. ఆర్గానోక్లే కొంత పట్టింది. కాబట్టి రంగులవాళ్ళు మీ దగ్గర పారే అసలు నీళ్ళతో గ్లాసులో చూసుకోకుండా ఒక్క రూపాయి కూడా పెట్టకండి. రంగు నీళ్ళు మీ చేతుల్లోనే ఉంటాయి, సరుకు నమూనా వంద గ్రాములు అడిగితే ఎవరైనా పంపిస్తారు. పంపించకపోతే వాళ్ళ దగ్గర కొనకండి.

ఐదుకు ఎన్ని మార్కులు అంటే, మట్టికి నాలుగున్నర, సంస్థకు ఒకటి. ఆ ఒకటి కూడా చివరికి అసలు సరుకు పంపినందుకు. జీడి నూనె, ఇంజను ఆయిలు, వంట నూనె లాంటి జిడ్డు నీరు చిన్న మోతాదులో ఉన్నవాళ్ళు, ముందు తొట్టి కట్టుకునే చోటు ఉన్నవాళ్ళు, రోజూ పది నిమిషాలు దాని దగ్గర నిలబడగలిగిన వాళ్ళు తీసుకోవచ్చు. ఇంకా డ్రమ్ముల్లో కాల్చి నీళ్ళు చల్లే వాళ్ళు ముందు ఆవిరికి మారండి, నీరే తగ్గుతుంది. డబ్బు ఈ వడపోత మీద కన్నా అక్కడ పెట్టడం మేలు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు వాడేసిన మట్టి. నూనె తాగిన మట్టి నీటిని శుభ్రం చేసింది గానీ నూనెను మాయం చేయలేదు, తన దగ్గర పెట్టుకుంది అంతే. కొనేటప్పుడు పాత మట్టిని తామే వెనక్కి తీసుకుపోతామని, సిమెంటు ఫ్యాక్టరీ కొలిమికి పంపిస్తామని సంస్థవాళ్ళు నోటితో చెప్పారు. బిల్లు మీద రాయించుకోలేదు, నా పొరపాటు. ఇప్పుడు "రవాణా ఖర్చు మీదే" అంటున్నారు, ఒక్కోసారి ఫోన్ ఎత్తడమే లేదు. మా దగ్గర ఒకరు "గుల్లతో పాటు బాయిలర్ పొయ్యిలో వేసేయండి" అని సలహా ఇచ్చారు. ఆ పొయ్యి వేడి చాలదు, ఆ పొగ పీల్చేది మా మనుషులే. ఇంకొకరు తోట మూల గొయ్యి తీసి పూడ్చమన్నారు. నూతి పక్కనా? ఆ నూతి కోసమే కదా ఇదంతా.

పాత మట్టి కాలవను తవ్వించి సిమెంటు వేయించాను కాబట్టి, నుయ్యి తేరుకుంటే దాని పుణ్యం ఎంతో, డ్రమ్ముల పుణ్యం ఎంతో విడదీసి చెప్పలేను. ఈ వేసవిలో ప్రతి ఆదివారం చేద వేసి పింగాణీ పళ్ళెంలో పోసి చూశాను. మార్చిలో రెండుసార్లు సన్నటి మెరుపు కనిపించింది. ఏప్రిల్, మే నెలల్లో కనిపించలేదు. వానలు పడ్డాక మళ్ళీ చూడాలి, నేలలో ఇంకినది వానకు కదులుతుంది. ఆ నీళ్ళు ఇంకా ఎవరినీ తాగనివ్వడం లేదు.

వాడేసిన మట్టి రెండు నింపులవీ, ముద్దయిపోయిన ఉత్త బెంటోనైట్ కూడా కలిపి నాలుగు పీపాలైంది. మూతలు బిగించి, సిమెంటు గచ్చు మీద, రేకుల కింద పెట్టించాను. ఒక్కోదాని మీద నింపిన తారీఖు, తీసిన తారీఖు రంగుతో రాశాను. సంస్థకు రిజిస్టర్డ్ ఉత్తరం పంపించాను. పాత పీపాలు ఎత్తే లారీలోనే కొత్త బస్తాలు రావాలి, లేకపోతే కొత్త బస్తాలు వద్దు అని. మూడో నింపు ఇంకో ఆరు వారాలు వస్తుంది.